గడపయొద్ద నిలిచిన అడుగు



మన పల్లెలలో అక్కడక్కడ ఇట్టి వృద్ధుడొకడు కానవచ్చును. ముంగిట నాలుగడుగులు బాగుగనే నడచును. తలవాకిటి గడప కడకు వచ్చునప్పటికి పాదములు నేలకు అంటుకొన్నట్లు నిలిచిపోవును. కన్నులు గడపను చూచుచునే యుండును. కాళ్లలో బలము లేకపోలేదు. దాటవలెనను కోరికయు గలదు. ఐనను అడుగు లేవదు. ఇంటివారు కొందరు మొండితనమందురు, కొందరు సోమరితనమందురు, మరికొందరు గాలి సోకినదందురు. ఆ వృద్ధుని యెదుట నేలపై సుద్దతో ఒక అడ్డగీత గీచినచో, ఒక్కొక్కప్పుడు ఆయన ఆ గీతను దాటి తిన్నగా నడచిపోవును! గీతలో మంత్రమేమియు లేదు. ఆగుటకును, గీతను చూచి కదలుటకును గూడ కారణము మెదడులోనే యున్నది; చూపునకును కదలికకును నడుమ అల్లుకొనియున్న నాడీమార్గములలో నున్నది. ఆ మార్గములను గూర్చి, శాస్త్రపరిభాషను వీలైనంత తగ్గించి, నేడు మీకు మనవి చేయదలచితిని.

మొదట చూపు సంగతి చెప్పెదను. కన్ను చూచునని మనమందుము. నిజమునకు కన్ను వెలుతురును పట్టి, దానిని వార్తగా మార్చి పంపెడి పనిముట్టు మాత్రమే. ఒక్కొక్క కంటినుండి సుమారు 10 లక్షల సన్నని నాడీతంతువులు త్రాడువలె పేనుకొని వెనుకకు పోవును. వానిలో అధికభాగము మెదడు నడుమనున్న థాలమస్ అను మజిలీలో ఆగి, అచటినుండి తల వెనుకవైపున మెదడు పైపొరను చేరును. అంచు, రంగు, ఆకారము, చలనము అచ్చట విడివిడిగా పరిశీలింపబడును. అటుపై దారి రెండుగా చీలును. కణతలవైపు దిగిన దారి "ఇది యేమి?" అను ప్రశ్నకు జవాబు వెదకును. నడినెత్తివైపు ఎక్కిన దారి "ఇది యెచ్చట నున్నది? దీనిని ఎట్లు అందుకొనవలెను? ఎట్లు దాటవలెను?" అను ప్రశ్నలకు జవాబు చెప్పును. ఈ రెండవ దారిని మీరు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో మనకు పని కలదు.

కంటినుండి వచ్చిన తంతువులలో కొన్ని పైపొరకు పోకయే, మెదడు కాండముపై చిన్న గుట్టవలె నున్న భాగమును చేరును. వైద్యులు దీనిని సుపీరియర్ కాలిక్యులస్ అందురు. ఆ మాటకు అర్థము పైనున్న చిన్న గుట్ట యనియే. మనము దీనిని చూపుగుట్ట యని పిలుచుకొందము. కనుగ్రుడ్లు ఎటు మరలవలెనో ఆజ్ఞయిచ్చు స్థానములలో ఇది ముఖ్యమైనది. మనము మేలుకొని చుట్టును చూచుచున్నప్పుడు, మనకు తెలియకయే, కనుగ్రుడ్లు సెకనుకు ఇంచుమించు మూడుమారులు ఒక చోటినుండి వేరొక చోటికి దుముకుచుండును.

ఇచ్చటనే ఒక చిక్కు వచ్చుచున్నది. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టులో మిరపకాయల కాలమున నిలిచి చూడుడు. ఎటుచూచిన బస్తాలు, బండ్లు, హమాలీలు, దళారులు, కాటాలు. కంటి కన్నియు కనబడుచునే యున్నవి. కాని చూపు ఒకేసారి రెండు చోట్లకు మరలజాలదు. కాలు ఒకేసారి రెండు దిక్కులకు పోజాలదు. కనబడినవానిలో దేనిని పట్టించుకొనవలెను, దేనిని విడువవలెను? ఏ కదలికకు సెలవియ్యవలెను, దేనిని ఆపవలెను? ఈ తగవు తీర్చుటలో ముఖ్యులైన పెద్దమనుష్యులు మెదడు లోతున కూర్చుండి యున్నారు. వారికి బేసల్ గాంగ్లియా అని పేరు.

ఇవి మెదడు అడుగుభాగమున ఇరుప్రక్కలను ఉన్న నాడీకణముల ముద్దలు. వీనిలో పెద్దది స్ట్రయేటమ్. చారలు గలది యని ఆ మాటకు అర్థము. దానిలో ఒక భాగము తోకవలె వంగి సాగియుండుటచే దానికి కాడేట్, అనగా తోక గలది, అని పేరు పెట్టిరి. ఇంకొకటి సబ్‌స్టాన్షియా నైగ్రా, అనగా నల్లపదార్థము. కోసి చూచినప్పుడు నిజముగనే నల్లగా కనబడును. ఈ నల్లపదార్థములో రెండు భాగములు గలవు. ఒక భాగము ఆజ్ఞలను బయటికి పంపును. రెండవది డోపమైన్ అను రసాయనద్రవ్యమును తయారుచేసి స్ట్రయేటమ్‌నకు అందించును. వీనితో కూడి మరి రెండు మూడు ముద్దలు గలవు గాని, నేటి ప్రసంగమునకు ఇవి చాలును.

వీరి పని తెలియుటకు మన చెరువునే ఉదాహరణముగా గైకొందము. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు నిండియున్నప్పుడు నీరు తూములవైపు ఒత్తుచునే యుండును. నీటికి బలమియ్యనక్కరలేదు. తూము మూసియుంచుటయే నిత్యనియమము. ఏ పొలమునకు వంతు వచ్చినదో ఆ తూము మూత మాత్రము నీరటికాడు ఎత్తును. అన్ని తూములును తెరచినచో ఊరు మునుగును. అన్నియు మూసినచో పైరు ఎండును. మన మెదడులోని ఏర్పాటును ఇట్టిదే. నల్లపదార్థములోని ఆజ్ఞాభాగము చూపుగుట్టపై ఎడతెగక "వద్దు, వద్దు" అని ఒత్తిపట్టి యుండును. అది తూము మూత. కాడేట్ నీరటికాడు. చూడదగినది కనబడినప్పుడు కాడేట్ ఆ మూతను పట్టియున్న కణములను క్షణకాలము ఊరకుండజేయును. "వద్దు" అనువాడు ఊరకున్నంతనే చూపుగుట్ట విడుదలయై, కన్ను అటు దుముకును. ఇచ్చట సెలవియ్యుట యనగా త్రోయుట కాదు, అడ్డు తొలగించుట.

ఇది ఊహ మాత్రమే కాదు. 1983లో ఒకిహిదే హికోసాకా, రాబర్ట్ వుర్ట్జ్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో కోతులపై చేసిన పరిశోధనలను ప్రకటించిరి. కోతి కన్ను దుముకబోవు సమయమున నల్లపదార్థపు కణములు పలుకుట మాని మౌనము వహించుటను వారు కనిపెట్టిరి. 1985లో మరియొక మెట్టు ఎక్కిరి. ఒక మందుతో ఆ కణములను కొంతసేపు నిద్రపుచ్చగా, కోతి తన చూపును నిలుపుకొనజాలక పోయెను. వలదన్నను కన్నులు దుముకుచునే యుండెను. మూత లేని తూమునకు గతి అదియే గదా!

చూపునకును ఈ ముద్దలకును గల సంబంధము కనుగ్రుడ్లను త్రిప్పుటతో ముగియలేదు. 1986లో గారెట్ అలెగ్జాండర్, మహ్లాన్ డిలాంగ్, పీటర్ స్ట్రిక్ అనువారు ఒక ముఖ్యవిషయమును వివరించిరి. మెదడు పైపొరనుండి వార్త బేసల్ గాంగ్లియాకు దిగి, అచటినుండి థాలమస్ ద్వారా మరల పైపొరకే చేరుచున్నది. ఇట్టి చుట్లు ఒకటి గాక అనేకములు ప్రక్కప్రక్కగా నున్నవి. ఒకటి కాలుసేతులకు, ఒకటి కన్నులకు, కొన్ని ఆలోచనకు, ఒకటి మనోభావములకు అని వారు ప్రతిపాదించిరి. పిదప 1996లో ఫ్రాంక్ మిడిల్టన్, పీటర్ స్ట్రిక్ అనువారు, వస్తువులను గుర్తించు కణతభాగమునకు గూడ బేసల్ గాంగ్లియానుండి తిరుగుదారి కలదని కోతులలో చూపిరి. అనగా చూచుట యను పనిలోనే ఈ పెద్దమనుష్యుల మాట చెల్లుచున్నదన్నమాట.

ఈ చుట్టులో నేర్పు ఎట్లు కలుగునో వినుడు. కొత్తవాడలో మగ్గము మీద తివాచీ నేయువానిని నేను ప్రక్కన నిలిచి చూచితిని. మన వరంగల్లు తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరెరుగుదురు. ఏ చోట ఎరుపు ఆగి నీలము మొదలగునో నిలిచి ఆలోచింపడు. పడుగుమీద కన్ను పడినంతనే చేయి తగిన పోగుకు పోవును. మొదటిదినమున అట్లు పోలేదు. పని కుదిరిన ప్రతిమారును నల్లపదార్థమునుండి డోపమైన్ కొంచెము స్ట్రయేటమ్‌లో చిమ్ముచు, "ఈ చూపునకు ఈ కదలిక తగును" అని గట్టిపరచుచు వచ్చును. అనుకొన్నదానికంటె మేలు జరిగినచో ఎక్కువ, కీడు జరిగినచో తక్కువ. ఇట్లు సాధన ముదిరినకొలది పని ఆలోచననుండి అలవాటునకు దిగును.

2013లో హ్యోంగ్ కిమ్, హికోసాకా అనువారు కాడేట్ తలకును తోకకును గల పనిభేదమును తెలిపిరి. నేటికి నేడు మారు విలువలను తలభాగమును, చిరకాలము నిలిచియుండు విలువలను తోకభాగమును గుర్తుంచుకొనునట. మిరప వ్యాపారి విషయమున దీనిని అన్వయించుకొందము. ఈపూట ధర ఏ కొట్టున హెచ్చుగా నున్నదో తెలియుట తలభాగపు పని వంటిది. ఇరువదియేండ్ల అనుభవముచే మేలిరకపు కాయవైపు కన్ను తనంతట తాను పోవుట తోకభాగపు పని వంటిది.

ఇప్పుడు గడపయొద్ద నిలిచిన మన వృద్ధునివద్దకు వత్తము. ఆయుర్వేదమున కంపవాతమని పేర్కొనిన రోగలక్షణములను పోలిన జబ్బును 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించెను. నేడు అతని పేరనే దానిని పిలుచుచున్నారు. ఊరక ఉంచిన చేయి వణకుట, అవయవములు బిగియుట, కదలికలు మందగించుట, నడచునప్పుడు ఒక చేయి ఊగకుండుట, వ్రాత రానురాను చిన్నదగుట, ముఖమున భావము తగ్గుట దీని గురుతులు. అందరికిని వణకు ఉండదు. నల్లపదార్థమున డోపమైన్ తయారుచేయు కణములు క్రమముగా నశించుటయే ఇందలి ప్రధానలోపము. లక్షణములు బయటపడునప్పటికే అవి చాలభాగము పోయియుండును. డోపమైన్ కరవైనప్పుడు నీరటికాని చేతిలో బలము తగ్గును. తూము మూతలు సరిగా లేవవు. అలవాటుగా సాగవలసిన నడక అడుగడుగునను సెలవుకై కాచుకొనవలసి వచ్చును.

ఇరుకు ద్వారమును చూచినప్పుడు ఈ చిక్కు హెచ్చగును. తలుపు వెడల్పెంత, భుజము తగులునా, గడప ఎత్తెంత అని చూపు తెచ్చు ప్రశ్నలన్నియు ఒక్కమారుగా మీదపడును. వానిని వేగముగా తేల్చలేక అడుగులు కుదించుకొనిపోయి, కొందరిలో పూర్తిగా ఆగిపోవును. ఈ విషయమున తెలుగువాడొకడు చేసిన కృషిని తలపక తప్పదు. చెన్నపట్టణపు ఐ.ఐ.టి.లో ఆచార్యుడైన వి. శ్రీనివాస చక్రవర్తి బేసల్ గాంగ్లియా పనితీరును గణితముతోను కంప్యూటర్లతోను అనుకరించి పరిశీలించినవాడు. 2011లో ఆయనయు సహచరులును కన్నుల దుముకులో ఈ ముద్దల పాత్రను గూర్చి ఒక నమూనాను ప్రకటించిరి. 2014లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులతో కలిసి, కంపవాత రోగులు ఇరుకు ద్వారములను దాటునప్పుడు నడక ఎట్లు మారునో తెలుపు నమూనాను ప్రకటించిరి. మన గడపయొద్ద జరుగు సంగతియే వారి లెక్కలకు విషయమైనది.

మరి సుద్దగీత ఎట్లు మేలుచేసినది? ఇందాక గుర్తుంచుకొనుడని చెప్పిన రెండవ దారి ఇచ్చట ఆదుకొనుచున్నది. అలవాటు నడకకు లోపలినుండి సెలవు రావలెను. కాని ఎదుట గీతను చూచి "దీనిని దాటవలెను" అనుకొన్నప్పుడు ఆ అడుగు అలవాటు పని కాదు. చూపు నడిపించు పని. నడినెత్తి భాగమునుండి కదలికలను సిద్ధముచేయు పైపొర భాగమునకు నేరుగా వార్త పోవుటయు, అనుమస్తిష్కము దానికి తోడ్పడుటయు ఇందుకు కారణమని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. పెద్దకాలువ పూడినప్పుడు పిల్లకాలువ నీరు పారించినట్లన్నమాట. లండను వైద్యుడు పర్డన్ మార్టిన్ 1967లో ప్రకటించిన గ్రంథమున, నేలపై అడ్డగీతలు గీచినచో ఇట్టి రోగుల నడక మెరుగగునని చూపెను. ఒక మెలకువ గలదు. గీతలు నడచు దారికి అడ్డముగా ఉండవలెను. నిలువుగీతలు ఆ మేలు చేయవు.

ఔషధముల విషయమున గూడ మన ప్రాంతమునకు సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. పొదలలో పెరుగు దూలగొండిని మీరందరును ఎరుగుదురు. కాయమీది నూగు తగిలినచో ఒడలంతయు దురద పుట్టును. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయమున దామోదరన్, రామస్వామి అనువారు దూలగొండి గింజలనుండి లీవోడోపా అను పదార్థమును వేరుచేసిరి. అప్పటికి దాని ప్రయోజనము లోకమునకు తెలియదు. 1950వ దశకము చివర స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమైన్‌నకు గల ప్రాముఖ్యమును తెలిపెను. అందుకు 2000లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, ఈ రోగుల స్ట్రయేటమ్‌లో డోపమైన్ మిక్కిలి తగ్గియుండుటను కనుగొనెను. డోపమైన్‌ను నేరుగా ఇచ్చినచో రక్తమునుండి మెదడులోనికి పోజాలదు. లీవోడోపా పోయి, అచ్చట డోపమైన్‌గా మారును. 1967లో అమెరికాలో కోట్జియాస్ దానిని పెద్దమోతాదులలో క్రమముగా ఇచ్చి, కదలలేనివారిని కదలించెను. నేటికిని ఈ రోగమునకు ముఖ్యౌషధము అదియే. మందులు చాలని కొందరికి మెదడు లోతున సన్నని తీగనుంచి విద్యుత్తుతో సవరించు చికిత్సయు కలదు.

ఇట్లు చెప్పితినని ఎవరును పొదకు పోయి దూలగొండి గింజలు కోసి తినరాదు. ఏ గింజలో ఎంత మందున్నదో కంటికి తెలియదు. వాంతులు, రక్తపుపోటు పడిపోవుట, మతిభ్రమ కలుగవచ్చును. మాత్రలతో కలిసినచో మోతాదు మితిమీరును. అట్లే వైద్యుడిచ్చిన మాత్రలను చెప్పక చేయక ఒక్కసారిగా మానుటయు ప్రమాదము.

ఇక గ్రామపెద్దలుగా మీరు చేయదగిన పనులను చెప్పి ముగించెదను. ఇట్టి లక్షణములు కనబడినవానిని మొదట వైద్యుని కడకు, వీలైనచో నరముల వైద్యుని కడకు, పంపుడు. వణకెల్ల ఈ జబ్బు కాదు, కొన్ని మందులవలన కలిగిన వణకు వానిని మార్చినచో తగ్గును. అడుగు ఆగినప్పుడు చేయి పట్టి లాగకుడు. లాగినచో దేహము ముందుకు వచ్చి పాదములు వెనుక నిలిచి పడిపోవును. తొందరపెట్టక ప్రక్కన నిలిచి, "ఈ గీతను దాటుము" అని చూపుడు. ఆగుచున్న చోట, గడపకు ఇటును అటును, అడుగు దూరమున, నేల రంగునకు భిన్నమైన రంగుతో అడ్డగీతలు వేయుడు. సున్నమైనను చాలును. నున్నని నేలపై జారెడి తివాచీని మాత్రము పరవకుడు. రాత్రి గడపయొద్ద దీపముంచుడు. చీకటిలో చూపు చేయు సాయము పోవును. దాటునప్పుడు మాటలలో పెట్టకుడు. గీతలు అందరికిని ఒకే తీరున పనిచేయవు. మొదటి దినములలో మనిషి తోడుండుట మేలు.

ఇంకొక మాట. ఈ రోగులలో కొందరికి లేని మనుష్యులు, జంతువులు కనబడుచుండును. అది దయ్యమును గాదు, కల్లయును గాదు. చూపును వడగట్టు ఏర్పాటు చెడుటవలననో, మందులవలననో అట్లగును. భూతవైద్యుని పిలువక, ఆ సంగతి వైద్యునికి చెప్పుడు. మందు సవరించినచో చాలమందికి తగ్గును.

ఆ వృద్ధుని కన్ను చూచుచునే యున్నది, మనసు కోరుచునే యున్నది. నడుమనున్న తూము మాత్రమే లేవలేదు. మొండివాడని అతని నిందించుట ఎండిన పైరును నిందించుటవంటిది. తూము బాగుచేయు పని వైద్యునిది. అంతదాక పిల్లకాలువ త్రవ్వు పని ఇంటివారిది. ఒక సుద్దముక్క, కొంచెము ఓర్పు చాలును. సెలవు.